బొగ్గు దుమ్ములో కారు నిగనిగ: పాలిష్ తీసేదేమిటి, వ్యాక్స్ చేర్చేదేమిటి

మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో రాత్రిపూట ఏ పెట్రోలు బంకులోనైనా నల్లకారు వచ్చి ఆగినప్పుడు, దాని బానెట్ మీద పడే దీపం ప్రతిబింబాన్ని ఒకసారి గమనించండి. దీపం చుట్టూ సన్నటి గీతలు సాలెగూడులా వలయాలు తిరిగి కనిపిస్తాయి. రెండడుగులు పక్కకు జరిగితే ఆ గూడు కూడా మీ వెంటే జరుగుతుంది. గీతలు నిజంగా గుండ్రంగా ఉంటే ఉన్నచోటనే ఉండాలి కదా? అవి అడ్డదిడ్డంగా, అన్ని దిక్కులకూ పడినవి. వాటిలో దీపపు కాంతికి అడ్డంగా ఉన్న గీతలే ఆ వెలుగును మన కంటివైపు విసురుతాయి. మిగిలినవి మరో దిక్కుకు విసిరి మనకు కనిపించకుండా పోతాయి. కనిపించిన కొన్నింటినీ కన్ను ఏరుకొని వలయాలుగా కూర్చుకుంటుంది. అంటే దీపం వెలుతురులో మనకు కనిపించే గీతల కంటే కనిపించనివే ఎక్కువ.

ఈ గూడును పోగొట్టాలనే చాలామంది కారును దుకాణానికి తీసుకెళ్తారు. వెళ్లి 'పాలిష్ చేయండి' అని కొందరు, 'వ్యాక్స్ వేయండి' అని కొందరు అడుగుతారు. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు. నిజానికి పాలిష్ తీసే పని, వ్యాక్స్ చేర్చే పని. చేర్చేదాన్ని ఎన్నిసార్లయినా చేర్చవచ్చు. తీసేదానికి మాత్రం హద్దు ఉంది, అది ఫ్యాక్టరీలోనే ఖాయమైపోయింది. ఆ హద్దు సంగతి తెలియక ప్రతి పండుగకూ మెషిన్ పెట్టించే బంధువులను, స్నేహితులను చూసి చూసి ఇది రాయాలనిపించింది.

కారు రంగు ఒకే పొర అనుకుంటాం. ఇనుప రేకు తుప్పు పట్టకుండా ముందు ఫాస్ఫేటు శుద్ధి చేస్తారు. తరువాత కారు ఒళ్లంతా ఒక తొట్టిలో ముంచి, కరెంటు పంపి, తుప్పును ఆపే తొలి పూతను మూలమూలకూ పట్టిస్తారు. దాని మీద ప్రైమర్, దాని మీద మనకు కనిపించే రంగు, అన్నింటికంటే పైన రంగేమీ లేని పారదర్శకమైన క్లియర్ కోట్. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు మీద మామూలుగా ఈ పొరలన్నీ కలిపి 100 నుంచి 140 మైక్రాన్ల దాకా ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. మనం మెరుపు అని మురిసిపోయేదంతా వెంట్రుక మందం కూడా లేని ఈ పొరలోనే ఉంది.

మెరవడం ఒక్కటే దాని పని కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని కింది రంగును కాపాడే రసాయనాలు ఇందులోనే కలిసి ఉంటాయి. పాతకార్ల టాపు మీద, బానెట్ మీద తెల్లటి పొలుసులు లేచి ఊడుతుండటం చూసే ఉంటారు. క్లియర్ కోట్ చచ్చిపోయిన గుర్తు అది. ఆ దశకు వచ్చాక ఏ పాలిష్ కూడా పనికిరాదు, మళ్లీ రంగు వేయించుకోవలసిందే. కొన్ని పాత కార్లకూ సరుకు బండ్లకూ క్లియర్ కోట్ లేకుండా నేరుగా రంగు పొర మాత్రమే ఉంటుంది. వాటిని రుద్దితే బండి రంగే గుడ్డకు అంటుతుంది. అలా అంటితే కంగారు పడనక్కరలేదు, చెయ్యి మాత్రం తేలికగా పట్టాలి.

ఇక మెరుపు అంటే ఏమిటి? వేకువన వర్ధా నది నీరు కదలకుండా ఉన్నప్పుడు ఒడ్డున ఉన్న చెట్టు ఆకు ఆకుగా నీటిలో కనిపిస్తుంది. గాలి తగిలి నీటిపై ముడతలు పడగానే అదే చెట్టు పచ్చటి మరకగా మారిపోతుంది. నీరు అదే, వెలుగు అదే. నునుపైన ఉపరితలం కాంతిని ఒకే క్రమంలో తిప్పి పంపితే అందులో ప్రతిబింబం నిలుస్తుంది. గరుకైన ఉపరితలం కాంతిని చిందరవందర చేస్తుంది. కారు మీద వేల సన్నటి గీతలు చేసేది అదే. చిందిన తెల్లటి వెలుగు కింది రంగు మీద పలచని పొగలా పరుచుకుని, నలుపు బూడిద రంగులోకి, ఎరుపు వెలిసిన ఎరుపులోకి దిగుతాయి. తెల్లకార్ల మీద కూడా అన్ని గీతలూ ఉంటాయి. తెలుపులో తెలుపు కలిసిపోయి కంటికి ఆనవు.

పాలిష్ చేసేది ఆ నునుపును తిరిగి తేవడం. పాలిష్ పేస్టులో ఉండేది ప్రధానంగా మెత్తటి అల్యూమినియం ఆక్సైడు పొడి. మెషిన్‌కు బిగించిన ప్యాడ్ కింద అది తిరుగుతూ క్లియర్ కోట్‌ను సన్నగా గీరేస్తుంది. ఇక్కడే పెద్ద అపోహ ఉంది. గీత పూడిపోయిందని అనుకుంటాం. గుంత పూడదు, చుట్టూ ఉన్న నేలనే గుంత అడుగు దాకా దించుతారు. అందుకే గోరు తగిలితే ఆగేంత లోతైన గీతను పాలిష్‌తో పూర్తిగా తీయాలనుకోవడం ప్రమాదం. ఆ ఒక్క గీత కోసం చుట్టూ ఉన్న పొరనంతా కరిగించాలి. దాన్ని కొంచెం మెత్తబరచి, అంచులు నునుపు చేసి వదిలేయడమే మంచి పనివాడి లక్షణం. తేలిక పాలిష్‌కు ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి. గట్టి కాంపౌండుతో, అంటే మరింత గరుకైన పేస్టుతో, ఉన్ని ప్యాడుతో కోత పెడితే అంతకంటే బాగా ఎక్కువ పోతుంది. క్లియర్ కోట్‌లో పది మైక్రాన్లు పోయాయంటే ఇక జాగ్రత్తపడవలసిన సమయమని ఈ పనిలో ఉన్నవాళ్లు లెక్క చెబుతారు. అంటే కారు జీవితకాలంలో గట్టి పాలిష్ రెండు మూడుసార్లకు మించి చేయించుకునే వీలు ఉండదు.

ఈ లెక్క నాకు ఆలస్యంగా తెలిసింది. ముదురు నీలం కారు, ఐదేళ్లు దాటింది. ఇంట్లో పెళ్లి ఉందని చంద్రపూర్‌లో ఒక దుకాణంలో ఇచ్చాను. రెండు గంటల్లో అద్దంలా మెరిపించి ఇచ్చారు. పెళ్లిలో అందరూ మెచ్చుకున్నారు. మూడుసార్లు కడిగేసరికి పాత గీతలు సగానికి సగం తిరిగి వచ్చాయి. ఎండలో నిలబెడితే బానెట్ మీద నెమలి ఈక తిప్పినట్టు పొడవాటి వెలుగు చారలు కొత్తగా కనిపించాయి. బానెట్ మడత గీటు వెంబడి ఒకచోట రంగు పాలిపోయింది. మరో పనివాడు మందం కొలిచే మీటరు పెట్టి చూశాడు. తలుపుల మీద 115 దగ్గర చూపించిన మీటరు బానెట్ మీద 90 దాటలేదు. నీలం రంగంటే మా అమ్మకు ఇష్టమని కొన్న కారు అది. ఆ బానెట్ ఇప్పటికీ అలాగే ఉంది.

జరిగినదాన్ని విడమరిచి చెప్పుకుంటే పాలిష్ పనిలోని చిక్కులన్నీ అందులోనే దొరుకుతాయి. గీతలు తిరిగి రావడానికి కారణం పేస్టులోని నూనెలు. అవి గీతల్లో నిండి తాత్కాలికంగా కప్పేస్తాయి, నాలుగు కడుగుళ్లకు కొట్టుకుపోతాయి. అందుకే నిజాయితీ గల పనివాడు పాలిష్ అయ్యాక నీటితో పలచన చేసిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నూనె పోయిన తరువాతి అసలు ముఖాన్ని చూపిస్తాడు. బండి తీసుకునే ముందు ఇది అడగండి. నెమలి ఈక చారలు రోటరీ మెషిన్ విడిచిన గుర్తులు. దాని ప్యాడు ఒకే ఇరుసు మీద గిరగిరా తిరుగుతుంది. త్వరగా కోస్తుంది, వేడెక్కిస్తుంది, అనుభవం చాలని చేతిలో గుర్తులు వదులుతుంది. డ్యూయల్ యాక్షన్ మెషిన్ ప్యాడు తిరుగుతూనే పక్కలకు కూడా ఊగుతుంది కాబట్టి ఒకే దారిలో గీత పడదు, వేడి కూడా తక్కువ. నెమ్మదిగా సాగుతుంది. నా కారు మీద రెండు గంటలే పట్టిందంటేనే అనుమానించవలసింది. సరిగా చేస్తే ఒక రోజు పని. ఇక మడత గీట్ల దగ్గర, అంచుల దగ్గర ప్యాడు ఒత్తిడంతా సన్నటి గీటు మీదే పడుతుంది. పైగా అక్కడ పూత సహజంగానే పలచన. అందుకే ఆ అంచులకు ముందుగా టేపు అంటిస్తారు.

మీటరు గురించి ఒక మాట. అది రేకు నుంచి పైదాకా మొత్తం మందాన్ని చెబుతుంది, క్లియర్ కోట్ ఎంత మిగిలిందో విడిగా చెప్పదు. ప్లాస్టిక్ బంపరు మీద పనిచేయదు. ఒక తలుపు మీద మాత్రం 250 చూపిస్తే ఆ తలుపుకు మళ్లీ రంగు వేసినట్టే. పాతకారు కొనేవాళ్లకు ఇది చాలా పనికొచ్చే సంగతి.

ఇప్పుడు మా ప్రాంతపు దుమ్ము దగ్గరికి వద్దాం. అసలు గీతలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది తేలకుండా వాటిని తీసే విద్య నేర్చుకుని లాభం లేదు. చంద్రపూర్ పక్కన ఊర్జానగర్‌లో 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. చుట్టూ బొగ్గు గనులు, గనుల నుంచి టిప్పర్లు తిరిగే రోడ్లు. రాజురా దాటి గడ్‌చాందూర్ వైపు వెళ్తే సిమెంటు కర్మాగారాలు. సింగరేణి వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ దుమ్ము కొత్తది కాదు. కాని దుమ్ములో దుమ్ముకు తేడా ఉంది. బొగ్గు స్వతహాగా మెత్తనిది, చేత్తో నలిపినా మసి అవుతుంది. అయితే మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, తరచు 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. ఆ బూడిద ప్రధానంగా సిలికా, అల్యూమినాలే. బొగ్గుతో పాటు వచ్చే రాతి పొడిలో స్ఫటిక రేణువులు ఉంటాయి. స్ఫటికం గాజును కూడా గీరగలదు. దాని ముందు క్లియర్ కోట్ చాలా మెత్తనిది. కంటికి నల్లటి మసిలా కనిపించేదానిలో ఈ గట్టి రేణువులు కలిసి ఉన్నాయని గుర్తుంచుకుంటే, పొడిగుడ్డతో కారు తుడవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ప్రతి కాలనీలోనూ తెల్లవారుజామున అర బకెట్టు నీళ్లు, ఒక గుడ్డతో వరసగా పది కార్లు తుడిచే పద్ధతి ఉంది. మొదటి కారు మీది బూడిద పదో కారు దాకా ప్రయాణిస్తుంది. తుడిచే మనిషి తప్పు ఇందులో ఏమీ లేదు. నెలకు కొద్ది రూపాయలిచ్చి రోజూ మెరవాలని కోరేది మనమే. నన్నడిగితే దుమ్ము పట్టిన కారు దుమ్ముతోనే ఉండటం మేలు. దుమ్ము కదలకుండా ఉన్నంతవరకు గీత పడదు. రోజూ తుడవడం మానేసి, పది రోజులకు ఒకసారి సరిగా కడిగితే చాలు. కవరు వేసినా ఇదే బాధ. దుమ్ము మీద కవరు కప్పితే, గాలికి అది రెపరెపలాడినంతసేపూ గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే.

సరిగా కడగడమంటే ముందు బాగా నీళ్లు కొట్టడం. చెయ్యి తాకకుండానే ఎంత దుమ్ము పోగలదో అంతా పోవాలి. తరువాత రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీళ్లు, మరొకదానిలో ఉత్త నీళ్లు. మెత్తటి మైక్రోఫైబర్ చేతితొడుగును షాంపూలో ముంచి ఒక భాగం కడిగాక, ఉత్త నీళ్లలో జాడించి, మళ్లీ షాంపూలో ముంచాలి. టాపు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. చక్రాల పక్కన, తలుపుల అడుగున ఉండే బురద అన్నింటికంటే మొరటుది కాబట్టి అది చివర. చెయ్యి గుండ్రంగా తిప్పకుండా నిలువుగా పోనిస్తే, పడిన గీత కూడా ఒక దిక్కుకే పడి తక్కువ కనిపిస్తుంది. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి వద్దు. అవి జిడ్డును కోసేందుకు చేసినవి, వేసిన వ్యాక్స్‌ను కూడా కోసుకుపోతాయి. కడగడం నీడలోనే జరగాలి. మా బోరు నీటిలో సున్నం పాలు ఎక్కువ. ఎండలో ఆ నీటిబొట్టు ఆరిపోయి తెల్లటి మచ్చ వదులుతుంది, అలాగే వదిలేస్తే క్లియర్ కోట్‌లోకి దిగుతుంది. వెంటనే మెత్తటి తువాలుతో అద్ది ఆరబెట్టాలి.

సిమెంటు దుమ్ముది మరో కథ. పగలు పడిన దుమ్ము రాత్రి మంచుకు తడిసి, తెల్లారేసరికి గట్టిపడటం మొదలుపెడుతుంది. దాన్ని రుద్దకూడదు. నీటితో బాగా పలచన చేసిన వెనిగర్ దానిలోని సున్నాన్ని నెమ్మదిగా కరిగిస్తుంది. చిన్నచోట వేసి, కాసేపు ఆగి, పుష్కలంగా నీళ్లు పోయాలి. ఇక స్టేషను దగ్గర, పట్టాల పక్కన నిలిపే కార్ల మీద ఇనుప రజను పడుతుంది. తెల్లకారు మీద చిన్న చిన్న నారింజ చుక్కలు కనిపిస్తే అవి కారు తుప్పు కాదు, మీద గుచ్చుకున్న ఇనుప రేణువుల తుప్పు. ఇనుమును కరిగించే ద్రావణం చల్లితే అది వంగపండు రంగుకు తిరిగి, కుళ్లిన గుడ్డు వాసనతో కారిపోతుంది. ఆ తరువాత కూడా చెయ్యి పెడితే గరుకు తగిలితే జపాన్‌లో పుట్టిన క్లే బార్ ఉంది. జారుడు ద్రవం చల్లి ఆ బంకముద్దను తేలికగా జరిపితే గుచ్చుకున్నవాటిని లాక్కువస్తుంది. ఈ శుద్ధి అయ్యాకనే పాలిష్. లేకపోతే ప్యాడు కింద పాలిష్ పొడితో పాటు ఈ రజను కూడా తిరుగుతుంది. చాలా కార్లకు ఈ శుద్ధితోనే సగం కళ వచ్చేస్తుంది, పాలిష్ అవసరమా అన్నది అప్పుడే నిర్ణయించుకోవచ్చు.

వ్యాక్స్ ఏమి చేస్తుందో తెలుసుకోవడానికి గుడికి వెళితే చాలు. నల్లరాతి విగ్రహం పొడిగా ఉన్నప్పుడు బూడిద రంగులో ఉంటుంది. నూనె రాయగానే నిగనిగలాడే నలుపు బయటపడుతుంది. రాయి మారలేదు. రాతి మీది సన్నటి గరుకులో నూనె నిండి, పైన నునుపైన పొర ఏర్పడింది. వెలుగు చిందిపోవడం తగ్గి, రాతి సొంత రంగు కంటికి చేరింది. వ్యాక్స్ చేసేది ఇదే పని. ముదురు రంగు కార్ల మీద లోతు పెరిగినట్టు అనిపించేది అందుకే. కొందరు డ్రైవర్లు డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో బండి తుడిచి మెరిపించడం కూడా ఇదే సూత్రం. ఆ మెరుపు సాయంత్రానికి దుమ్మును లాక్కుంటుంది, రబ్బరు పట్టీలను పాడుచేస్తుంది. అది చేయకూడని పని.

వ్యాక్స్‌లలో పేరుమోసినది కార్నూబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద, ఎండకు నీరు ఆవిరైపోకుండా, చెట్టు తనకోసం తాను పూసుకునే మైనం అది. ఎండిన ఆకులను దులిపి తీస్తారు. 82 నుంచి 86 డిగ్రీల దాకా కరగదు, తేనెమైనం 62 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అయితే డబ్బాలో వచ్చేది శుద్ధ కార్నూబా కాదు. అది రాయిలా గట్టిగా ఉంటుంది కాబట్టి నూనెలు, ద్రావకాలు, వేరే మైనాలు కలిపి మెత్తన చేస్తారు. మా దగ్గర మే నెలలో గాలి వేడే 46, 47 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. ఆ ఎండలో నిలిపిన నల్ల బానెట్ 70 డిగ్రీలు దాటగలదు. అందుకే మార్చి నుంచి జూన్ దాకా కార్నూబా మీద డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు. మైనానికి బదులు పాలిమర్‌తో చేసిన సీలెంట్ అనే పూత వేస్తే వేడికి ఆగుతుంది, నాలుగైదు నెలలు నిలుస్తుంది. దసరా తరువాత చలికాలానికి కార్నూబా వేసుకోండి. దాని వెచ్చటి నిగారింపు దేనికీ రాదు, నెలా రెండు నెలలు ఉంటుంది. ఏది వేసినా పలచగా వేయాలి. మందంగా పూసినది అంతా గుడ్డకే పోతుంది.

సిరామిక్ కోటింగ్ గురించి అడగనివాళ్లు లేరు. సిలికా ఆధారపు పూత, రంగుకు గట్టిగా పట్టుకుంటుంది, బాగా చేస్తే ఏళ్లు నిలుస్తుంది. దాని మీద రాసే '9హెచ్' మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. చాలామంది దాన్ని వజ్రాన్ని పదిగా లెక్కించే కొలతలో తొమ్మిది అనుకుంటారు. అది పెన్సిల్ కొలత. 9హెచ్ పెన్సిలు ములుకు పెట్టి నెట్టినా గీత పడలేదని మాత్రమే దాని అర్థం. టిప్పరు నుంచి ఎగిరిపడే గులకరాయిని అది ఆపలేదు. ఆ పనికి నూటయాభై మైక్రాన్లకు పైబడిన పారదర్శక పాలియురెథేన్ ఫిల్మ్ ఉంది, ఖరీదు కూడా అంతే. పైగా సిరామిక్ వేసిన కారు మీద బోరు నీటిబొట్లు నిలిచి ఆరితే సున్నపు వలయాలు స్పష్టంగా తేలుతాయి. గీతల మీద సిరామిక్ వేస్తే గీతలు కింద అలాగే ఉండిపోతాయి.

కొత్తకారు కొన్నవాళ్లు చంద్రపూర్ మహాకాళి గుడికి తీసుకెళ్తారు. చైత్ర జాతరకు తెలంగాణ నుంచి, నాందేడ్ వైపు నుంచి వచ్చే భక్తులతో అక్కడ కాలు పెట్టే చోటు ఉండదు. బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేయించడం మన ఆచారం, అది ఉండవలసిందే. ఆ సాయంత్రమే నీళ్లు పోసి కడగండి. పసుపు మరక మిగిలితే సబ్బు పెట్టి రుద్దవద్దు. పసుపు రంగు వెలుతురుకు నిలవదు, నాలుగు రోజులు ఎండలో ఉంచితే అదే వెలిసిపోతుంది. ముందురోజే వ్యాక్స్ వేసి ఉంటే మరక పట్టే అవకాశం మరీ తక్కువ. పిట్టల రెట్ట మాత్రం అలా ఆగదు. ఎండకు మెత్తబడిన క్లియర్ కోట్ మీద రెట్ట ఎండి బిగుసుకుంటే దాని అచ్చు పొరలో దిగిపోతుంది. తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి, మెత్తబడ్డాక ఎత్తివేయాలి.

వేసిన వ్యాక్స్ ఉందా, పోయిందా అని తొలకరి వాన చూసి తేల్చుకుంటారు కొందరు. నీరు ముత్యాల్లా నిలిస్తే ఉందని, రేకులా పరుచుకుంటే పోయిందని. ఇందులో ఒక మెలిక ఉంది. బూడిద పొర పట్టిన కారు మీద, కింద వ్యాక్స్ చెక్కుచెదరకుండా ఉన్నా, నీరు పరుచుకుంటుంది. కనుక ముందు షాంపూతో కడిగి, తరువాత గొట్టంతో బానెట్ మీద నీళ్లు వదిలి చూడండి. అప్పుడు కూడా పరుచుకుంటేనే మళ్లీ వేయండి.